పన్ను కట్టే ఊళ్లో ఓటు లేదు: కేప్ కాడ్‌లో నా అనుభవం

మేముండేది మసాచుసెట్స్‌లో, బోస్టన్‌కు పడమర వైపు. ఆష్‌లాండ్ లక్ష్మీదేవి గుడికి కారులో ఇరవై నిమిషాల దూరం. 2017లో కేప్ కాడ్‌లో, అంటే మా రాష్ట్రంలోనే సముద్రంలోకి చొచ్చుకుపోయిన ద్వీపకల్పంలో, ఒక చిన్న ఇల్లు కొన్నాం. రెండు బెడ్‌రూములు, ఒక బాత్‌రూము, వెనకాల పైన్ చెట్లు. బీచ్‌కి నడిచి వెళ్లొచ్చు. మా ఆవిడది కాకినాడ. సముద్రం గాలి లేకుండా పదిహేనేళ్లు గడిచిపోయాయని ఎప్పుడూ బాధపడేది. అప్పటిదాకా దాచుకున్నదంతా ఆ ఇంటికే పెట్టాం.

వేసవిలో శని ఆదివారాలు, థాంక్స్‌గివింగ్ సెలవులు, పిల్లల స్ప్రింగ్ సెలవులు అన్నీ కలిపితే ఏడాదిలో 70, 80 రోజులు అక్కడ ఉంటాం. అక్కడివాళ్ల లెక్కలో మేం పార్ట్ టైమ్ వాళ్లం. కేప్ అంతా కలిపి 15 టౌన్లు. మొత్తం ఇళ్లలో మూడో వంతుకు పైగా మాలాంటి వాళ్లవే. చివరన ఉన్న వెల్‌ఫ్లీట్, ట్రూరో లాంటి చోట్ల సగం కంటే ఎక్కువే. మా టౌన్ పేరు ఇక్కడ రాయడం లేదు. మనసు నొచ్చుకున్న సంగతులు కొన్ని ఉన్నాయి, కానీ ఆ ఊరంటే మాకు ఇష్టం.

2022 అక్టోబరులో పక్కింటావిడ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆమె రిటైరైన టీచర్, కనెక్టికట్‌లో ఉంటారు. ఆమె కూడా మాలాగే వేసవికి వచ్చేవారే. "సెలెక్ట్ బోర్డు ఈసారి రెసిడెన్షియల్ ఎగ్జెంప్షన్ పెట్టాలనుకుంటోంది. మన పన్ను పెరుగుతుంది. మీకు తెలుసా?" అని రాశారు. నాకు తెలియదు. ఆ మాట వినడమే మొదటిసారి.

సెలెక్ట్ బోర్డు అంటే టౌన్‌ను నడిపే చిన్న మండలి. మా దగ్గర ఐదుగురు ఉంటారు, ఊళ్లో ఓటున్నవాళ్లు వాళ్లను ఎన్నుకుంటారు. మర్నాడు, పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే అసెసర్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఫోనెత్తినావిడ అరగంట సేపు ఓపిగ్గా చెప్పారు. ఆ అరగంటలో అర్థమైనది ఇది.

మసాచుసెట్స్ చట్టంలో, 59వ చాప్టర్ 5సి సెక్షన్ కింద, ఏ టౌన్ అయినా తన ఊళ్లో ఏడాది పొడుగునా ఉండేవాళ్ల సొంతిళ్లకు పన్నులో తగ్గింపు ఇవ్వచ్చు. ఊళ్లో ఉన్న నివాస ఆస్తుల సగటు విలువ తీసుకుని, దానిలో 35 శాతం వరకు ఎంతైనా, వాళ్ల ఇంటి విలువలోంచి తీసేస్తారు. మిగిలినదానిమీదే వాళ్లకు పన్ను. కానీ టౌన్‌కు రావాల్సిన మొత్తం తగ్గదు. తగ్గిన భాగాన్ని పూడ్చడానికి పన్ను రేటు పెంచుతారు. ఆ పెంపు అందరిమీదా పడుతుంది, తగ్గింపు మాత్రం అక్కడే ఉండేవాళ్లకు. ఎంత శాతం అన్నది ఏటా సెలెక్ట్ బోర్డే ఓటు వేసి నిర్ణయిస్తుంది.

కాగితం మీద లెక్క వేసుకున్నాను. సగటు విలువ 8 లక్షల డాలర్లు, తగ్గింపు 25 శాతం అనుకుంటే 2 లక్షలు. పదిళ్లలో నాలుగు అక్కడే ఉండేవాళ్లవి అనుకుంటే, ఇంటి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు 6.50 డాలర్లున్న పన్ను రేటు సుమారు 7.22 అవుతుంది. మా ఇంటి విలువ 6 లక్షలు. అంతకుముందు 3,900 కట్టేవాళ్లం, ఇప్పుడు 4,330 దాకా కట్టాలి. అదే విలువున్న ఇంట్లో ఏడాదంతా ఉండేవాళ్లకు 4 లక్షలమీదే పన్ను పడుతుంది, అంటే 2,900 లోపే.

430 డాలర్లు. అది మమ్మల్ని కుంగదీసే డబ్బేమీ కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. మనం ఎప్పుడూ ఉండే ఇంట్లోని సామానుకు ఈ రాష్ట్రంలో పన్ను ఉండదు. రెండో ఇంట్లోని మంచాలు, సోఫాలు, గిన్నెలు మాత్రం పన్ను కిందకు వస్తాయి. దానికి వేరే బిల్లు, ఏటా కడుతున్నాం. మా పిల్లలు అక్కడి బడికి వెళ్లరు. చలికాలం నాలుగు నెలలు ఆ ఇంటి ముందు రోడ్డు మంచు తీసినా తీయకపోయినా మాకు తేడా లేదు. ఇవన్నీ మొదటినుంచీ తెలిసే ఒప్పుకున్నాం. ఈసారి కష్టం అనిపించింది వేరే. మా జేబులోంచి వెళ్లే డబ్బు గురించి ఒక గదిలో ఐదుగురు మాట్లాడుకుంటున్నారు, ఆ ఐదుగురిలో ఎవరినీ ఎన్నుకునే హక్కు మాకు లేదు. పక్కింటావిడ పంపకపోతే ఆ సంగతి మా చెవిన కూడా పడేది కాదు. నోటీసు స్థానిక పేపర్లో, టౌన్ హాల్ బోర్డు మీద వేశారట. అక్టోబరులో మేం అక్కడ లేం.

నవంబరులో హియరింగ్, అంటే బోర్డు జనం మాట వినే సమావేశం. జూమ్‌లో కూడా పెట్టారు. నేను ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లాను. దాదాపు అరవై మంది ఉన్నారు, సగం మంది మాలాంటివాళ్లే. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. మావాళ్లలో ఒక పెద్దాయన లేచి, 1773లో బోస్టన్ రేవులో టీ పెట్టెలు ఎందుకు పారేశారో గుర్తు తెచ్చుకోండి, ప్రాతినిధ్యం లేకుండా పన్ను ఏమిటి అన్నారు. ఒక వైపు చప్పట్లు, ఇంకో వైపు మౌనం. కనెక్టికట్ ఆవిడ చెప్పినది నాకు బాగా నచ్చింది. వాళ్ల రాష్ట్రంలో ఒక టౌన్‌లో కనీసం వెయ్యి డాలర్ల విలువ మేరకు ఆస్తిపన్ను బాధ్యత ఉన్న పౌరులు, అక్కడ ఉండకపోయినా, టౌన్ మీటింగ్‌లో ఓటు వేయొచ్చు. డెలావేర్‌లో రెహోబత్ బీచ్ లాంటి ఊళ్లలో కూడా బయట ఉండే ఇంటి యజమానులకు ఓటుంది. "ఇది జరగని పనేమీ కాదు, సరిహద్దు దాటితే చాలు" అన్నారామె.

నా వంతు వచ్చింది. రాసుకున్న కాగితం చూస్తూ లెక్కలు చదివాను. గొంతు వణికింది. ఎగ్జెంప్షన్ పెట్టొద్దని కాదు, ముందు మాకు చెప్పండి, మమ్మల్ని అడగండి అని ముగించాను. బోర్డు చైర్మన్ థాంక్స్ చెప్పి తర్వాతి పేరు పిలిచారు.

నా తర్వాత మాట్లాడినావిడ ఊళ్లోనే పుట్టి పెరిగినవారు. ఆమె మామీద కోప్పడలేదు. "మా అబ్బాయి ఇక్కడి ఫైర్ స్టేషన్‌లో పనిచేస్తాడు, ఇక్కడ ఇల్లు కొనలేక వంతెన అవతల ఉంటాడు. మీ ఇంటికి నిప్పంటుకుంటే ఆ వంతెన దాటి రావాలి" అన్నారు. నేను తల దించుకున్నాను. కేప్‌ను మిగతా రాష్ట్రం నుంచి వేరుచేసే కాలవ మీద కార్లు వెళ్లే వంతెనలు రెండే, 1935 నాటివి. వేసవి శుక్రవారం సాయంత్రం వాటి ముందు ఎంతసేపు నిలబడాలో వెళ్లినవాళ్లకు తెలుసు.

బోర్డు ఓటు వేసింది. ముగ్గురు ఒక వైపు, ఇద్దరు ఒక వైపు. 25 శాతం ఖాయమైంది.

డిసెంబరులో నాన్నతో ఫోన్లో ఈ గొడవంతా చెప్పాను. తెనాలి దగ్గర పల్లెలో మాకో ఇల్లుంది. అమ్మ పోయాక నాన్న హైదరాబాద్‌లో చెల్లి దగ్గర ఉంటున్నారు. ఆ ఇంటికి తాళం. ఏటా పంచాయతీకి ఇంటి పన్ను కడుతూనే ఉన్నారు. ఓటు మాత్రం హైదరాబాద్‌కు మారింది. నాన్న రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు, చట్టం అంటే ఆయనకు ప్రాణం.

"అక్కడ నీది ఏ గొడవో ఇక్కడ నాదీ అదేరా. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చూడు. ఊళ్లో ఇల్లుంది కదా అని దానివల్లే ఆ ఊరి నివాసి అయిపోడు. గ్రామసభ అంటే కూడా ఓటరు జాబితాలో పేరున్నవాళ్లే" అన్నారు.

"మరి మీకు బాధగా లేదా నాన్నా?"

"ఎందుకుండదు? కానీ ఈ దసరాకు ఊరెళ్లాను చూడు, అక్టోబరు రెండున గ్రామసభ పెట్టారు. మన వీధి మురుగు కాలవ సంగతి చెబుదామని వెళ్లాను. ఓటు లేదు పొమ్మనలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, చెప్పండి మాస్టారూ అన్నారు. నేను మాస్టారునీ కాదు, వాళ్లకలా అలవాటు. ఆ ఊళ్లో నన్ను ఎరగనివాడు లేడు. నిన్ను అక్కడ ఎవరైనా ఎరుగుదురా?"

ఐదేళ్లలో నాకు ఆ ఊళ్లో పేరు తెలిసినవాళ్లు నలుగురు. ముగ్గురు మాలాగే వేసవికి వచ్చేవాళ్లు, నాలుగో మనిషి మా సెప్టిక్ ట్యాంకు చూసే ఆయన. నాన్న అడిగినదానికి జవాబు చెప్పలేకపోయాను.

ఆ చలికాలం నెలకు రెండుసార్లు వెళ్లాం. ఇంటికి హీటర్ వేసి, పైపులు గడ్డకట్టకుండా చూసుకుంటూ. జనవరిలో ఆ ఊరు వేరే ఊరు. మా వీధిలో పద్దెనిమిది ఇళ్లుంటే దీపం వెలిగేది నాలుగింట్లో. ఉదయం పూట ఒకే ఒక్క కాఫీ షాపు తెరిచి ఉండేది, అందరూ అక్కడే. మొదటి రెండుసార్లు ఎవరూ పలకరించలేదు. మూడోసారి హార్డ్‌వేర్ షాపు ఆయన "మీరు నవంబరు మీటింగ్‌లో లెక్కలు చదివారు కదా" అన్నారు. అక్కడినుంచి మాటలు కలిశాయి.

ఆ కాఫీ షాపులోనే బడిలో పనిచేసే ఒకామె పరిచయమైంది. ఇద్దరు పిల్లలు. సెప్టెంబరు నుంచి మే వరకు ఒక ఇంట్లో అద్దెకు ఉంటారు. జూన్ రాగానే యజమాని ఆ ఇంటిని వారాల లెక్కన వేసవి జనానికి ఇస్తాడు. ఆ మూడు నెలలు స్నేహితుల ఇంట్లో ఒక గదిలోనో, క్యాంపింగ్ చోటులోనో సర్దుకోవాలి. ఈ తిప్పలకు అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు కేప్ కాడ్ షఫుల్. ఏటా పిల్లలు బొమ్మలు అట్టపెట్టెల్లో సర్దుకుంటారని ఆమె చెబుతుంటే మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. మేం మా ఇంటిని అద్దెకివ్వం, అయినా ఒక ఇంటిని ఏడాదిలో తొమ్మిది నెలలకు పైగా ఖాళీగా ఉంచుతున్నాం. ఆ మాట ఆమె అనలేదు.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పేస్తాను. తోటి పార్ట్ టైమ్ వాళ్లలో చాలామందికి ఇది నచ్చదు. ఏడాదంతా ఉండేవాళ్లకు తగ్గింపు ఇవ్వడం న్యాయమే. కాకపోతే ఆ పథకంలో ఒక లోపముంది. ఆ బడి ఉద్యోగిలాంటి అద్దెవాళ్లకు అందులో పైసా రాదు, తగ్గింపు వెళ్లేది సొంతిల్లున్నవాళ్లకే. ప్రావిన్స్‌టౌన్ ప్రత్యేక చట్టం తెచ్చుకుని, ఏడాది పొడుగునా అద్దెకిచ్చే ఇళ్లకు కూడా తగ్గింపు వర్తించేలా చేసుకుంది. మేం ఇలాంటివి చెప్పగలం, ఎవరైనా వింటే. ఓటు అడిగితే రాష్ట్ర చట్టం మారాలి, అది మా తరంలో అయ్యేది కాదు. వినిపించుకునే ఏర్పాటు ఒకటి ఉంటే చాలనిపించింది. ట్రూరోలో అప్పటికే పార్ట్ టైమ్ నివాసుల సలహా కమిటీ అని టౌన్ కమిటీయే ఒకటి ఉండేది. అలాంటిది మా టౌన్‌లో అడుగుదామని పక్కింటావిడ, నేను, ఇంకో ఆరుగురు అనుకున్నాం.

అడగడానికి దారి సిటిజన్ పిటిషన్. వసంతంలో జరిగే వార్షిక టౌన్ మీటింగ్ ఎజెండాలో, దాన్ని వారెంట్ అంటారు, ఒక అంశం చేర్చాలంటే పదిమంది ఓటర్ల సంతకాలు చాలు. కానీ ఆ ఊరి ఓటర్లే చేయాలి. ఎనిమిది ఇళ్ల పన్ను కడుతున్న మా ఎనిమిది మంది సంతకాలకు అక్కడ విలువ లేదు. మా గోడు వినిపించడానికి కూడా ఊరివాళ్ల చెయ్యే కావాలి.

వారెంట్ గడువు దగ్గర పడింది. టెన్షన్‌గా ఉండేది. ఫిబ్రవరిలో ఒక శనివారం చలిలో ఇల్లిల్లూ తిరిగాను. హార్డ్‌వేర్ షాపు ఆయన మొదటి సంతకం పెట్టారు. ఇద్దరు మొహం మీదే తలుపు వేశారు. ఒకాయన సంతకం పెట్టను గానీ లోపలికి వచ్చి టీ తాగి వెళ్లమన్నారు. బడి ఉద్యోగి తను పెట్టి, ఇంకో ఇద్దరితో పెట్టించింది. నవంబరులో నా తర్వాత మాట్లాడిన ఫైర్‌మన్ వాళ్లమ్మగారి ఇంటికి వెళ్లడానికి రెండుసార్లు వెనక్కి తగ్గాను. చివరకు తలుపు తట్టాను. "పన్ను తగ్గించమని కాదు కదా?" అని అడిగారు. కాదన్నాను. కళ్లజోడు తెచ్చుకుని మొత్తం చదివి సంతకం చేశారు. పద్నాలుగు సంతకాలయ్యాయి. రాత అర్థం కాకపోతే టౌన్ క్లర్క్ కొట్టేయొచ్చని విని పదితో ఆపలేదు.

మే నెలలో టౌన్ మీటింగ్. బడి జిమ్‌లో. మనవాళ్లలో చాలామంది దీన్ని చూసి ఉండరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. న్యూ ఇంగ్లాండ్‌లో, అంటే మసాచుసెట్స్ ఉన్న ఈశాన్య ప్రాంతంలో, చాలా టౌన్లలో బడ్జెట్‌ను నేరుగా జనమే పాస్ చేస్తారు. ఓటరుగా నమోదైన ఎవరైనా రావచ్చు, లేచి అడగొచ్చు, ఓటు వేయొచ్చు. ఫైర్ ఇంజిన్ కొనాలా, బడి పైకప్పు వేయాలా, అప్పు చేయాలా అన్నీ అక్కడే. అప్పుకైతే మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. 1980లో ప్రజలు ఓటేసి తెచ్చుకున్న ప్రొపొజిషన్ టూ అండ్ ఎ హాఫ్ అనే చట్టం ప్రకారం, కొత్త కట్టడాలను పక్కన పెడితే, మొత్తం ఆస్తిపన్ను పరిమితి ఏడాదికి 2.5 శాతం మించి పెరగకూడదు. మించాలంటే బ్యాలెట్ పెట్టాలి.

తలుపు దగ్గర ఓటరు జాబితా చూసి ఓటర్లకు రంగు కార్డు ఇచ్చారు. మమ్మల్ని పక్కన తాడు కట్టిన చోటికి పంపారు. ఓటు లేనివాళ్ల కుర్చీలు. మా పక్కన పేపరు విలేఖరి, ఇద్దరు టౌన్ ఉద్యోగులు, ఒక పిల్లవాడు. సిగ్గుగా అనిపించిందని దాచను. మేముండే ఊళ్లో నాకు ఓటుంది, 2019లో పౌరసత్వం వచ్చిన దగ్గర్నుంచి. అక్కడ టౌన్ మీటింగ్‌కు ఒక్కసారి కూడా వెళ్లలేదు. తాడు ఇవతల కూర్చున్న ఆ రాత్రి అది నన్ను బాగా బాధపెట్టింది. ఆ తర్వాతి ఏడాది వెళ్లాను, ఇప్పుడు తప్పకుండా వెళ్తున్నాను.

మా అంశం వచ్చేసరికి పదైంది. పిటిషన్‌లో మొదటి సంతకం ఆయనది కాబట్టి హార్డ్‌వేర్ షాపు ఆయన ప్రతిపాదించారు. తర్వాత నేను మైకు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఓటు లేనివాళ్లు మాట్లాడాలంటే సభ ఒప్పుకోవాలి. సభను నడిపే మోడరేటర్ సభ వైపు తిరిగి "ఈయన ఓటరు కాదు. మాట్లాడనిద్దామా?" అని అడిగారు. ఆ రెండు క్షణాలు చాలా పొడుగ్గా ఉన్నాయి. ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఈసారి కాగితం తీసుకెళ్లలేదు. చలికాలం చూసింది చెప్పాను. దీపాలు వెలగని పద్నాలుగు ఇళ్ల గురించి, అందులో మాదొకటి అని చెప్పాను. మాకు ఓటు అక్కర్లేదు, నిర్ణయం చేసేముందు ఒక మాట అడిగితే చాలు అన్నాను. ఒకాయన లేచి "ఈ రోజు సలహా కమిటీ, రేపు ఓటు అంటారు" అని వ్యతిరేకించారు. ఆయన భయం అర్థం చేసుకోదగ్గదే. వాళ్ల సంఖ్య మాకంటే తక్కువ. మాకు ఓటొస్తే ఊరు వాళ్ల చేతిలో ఉండదు. కార్డులు పైకెత్తమన్నారు. లెక్కపెట్టనవసరం లేకుండానే పాస్ అయింది. అది సెలెక్ట్ బోర్డుకు విన్నపం మాత్రమే, శాసనం కాదు. అయినా బోర్డు రెండు నెలల్లో ఏడుగురితో కమిటీ వేసింది, ఐదుగురు పార్ట్ టైమ్, ఇద్దరు ఊరివాళ్లు. నేను అందులో ఉన్నాను. ఫైర్‌మన్ వాళ్లమ్మగారు కూడా.

మాలో కొందరు వేరే దారి పట్టారు. కేప్ ఇంటి అడ్రసుకు ఓటు మార్చుకుంటామన్నారు. నిజంగా అక్కడికే మారి ఉండేవాళ్లయితే అది వాళ్ల హక్కు. ఓటు కోసమే అయితే నాకు తప్పనిపించింది, కమిటీలో ఆ మాటే చెప్పాను. అదే ఏడాది ట్రూరోలో ఓటరు నమోదులమీద అభ్యంతరాలు లేచి ప్రత్యేక టౌన్ మీటింగే వాయిదా పడింది. ఇరుగుపొరుగువాళ్లు ఒకరి అడ్రసును ఒకరు ప్రశ్నించుకునే దాకా వెళ్లింది.

ఈ తిరుగుళ్లలో మాకు ఇంకో మేలు జరిగింది. అసెసర్ ఆఫీసులో మా ఇంటి ప్రాపర్టీ కార్డు, అంటే ఇంటి వివరాలు రాసి ఉంచే కాగితం, అడిగి చూస్తే రెండు బాత్‌రూములని రాసి ఉంది. ఉన్నది ఒకటే. పన్ను సరిచేసి తగ్గించమని అడిగే అబేట్‌మెంట్ దరఖాస్తు పెట్టాను. మా టౌన్‌లో దానికి ఫిబ్రవరి 1 గడువు, ఒక్క రోజు దాటినా తీసుకోరు. మనిషి వచ్చి చూసి సరిచేశారు. కేప్‌లో ఇల్లున్న మన తెలుగువాళ్లు ముందు ఆ కార్డు తెప్పించుకుని చూసుకోండి.

కమిటీ చేసినవి చిన్న పనులే. హియరింగ్ తేదీని సెప్టెంబరులోనే ఖాయం చేయించాం, జూమ్‌లో మాట్లాడే వీలు ఎప్పటికీ ఉండేలా అడిగాం. తగ్గింపు 35 శాతానికి పెంచాలన్న మాట వచ్చినప్పుడు లెక్కలు చూపించి మాట్లాడాం, 25 దగ్గరే ఆగింది. ఏడాది పొడుగు అద్దెకిచ్చే ఇళ్లకు కూడా తగ్గింపు ఇచ్చే సంగతి మీద ఫైర్‌మన్ వాళ్లమ్మగారు, నేను కలిసి ఒక నోట్ రాస్తున్నాం. అది ఇంకా తేలలేదు.

మొన్న బిల్లు వచ్చింది. కవరులో బిల్లుతో పాటు పసుపుపచ్చ కాగితం ఒకటుంది. రేటు ఎలా వచ్చిందో, ఎవరికి ఎంత తగ్గుతుందో, ఎవరికి ఎందుకు పెరుగుతుందో, వచ్చే హియరింగ్ ఎప్పుడో, ఎలా మాట్లాడాలో అందులో ఉన్నాయి. ఊరివాళ్లకూ మాకూ అదే కాగితం. ఆ రాత్రి నాన్నకు ఫోన్లో చదివి వినిపించాను, తెలుగులో చెబుతూ.

"బాగా రాశారు. ఎవరు రాశారురా ఇది?" అని అడిగారు.

"మేమే నాన్నా" అన్నాను.